పుష్కిన్‌ని చదవాలా, పడగొట్టాలా?

నాకో చెడ్డ అలవాటుంది. రైల్లో చదివే పుస్తకాన్ని ఆఫీసుకెళ్ళాక కీబోర్డు పక్కనే పడేస్తాను. బ్లాక్‌టౌన్‌లో రైలెక్కితే సిడ్నీ సిటీలో దిగేసరికి దాదాపు ముప్పావుగంట పడుతుంది. ఫోను జేబులోంచి తియ్యకుండా ఉండగలిగితే (అదే కష్టం!) రోజుకి పదిపేజీలైనా చదవొచ్చు. అలా ఒకరోజు నా బల్లమీద పుష్కిన్ 'యెవ్గేనీ అనేగిన్' ఇంగ్లీషు అనువాదం పడి ఉంది.

మా టీములో డేటాబేసులు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ఆయన సొంతూరు. సిడ్నీ వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. ఇంట్లో మాట్లాడేది రష్యనే. అక్కగారు ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. కాఫీ కప్పుతో నా సీటు దగ్గరికొచ్చి, పుస్తకం అట్ట చూసి ఆగిపోయాడు.

"మా ఊళ్ళో ఈయన విగ్రహం తీసేశాం, తెలుసా?" అన్నాడు. 2022 నవంబరు సంగతి అది.

నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. "పాపం, రెండొందల ఏళ్ళ క్రితం కవి. ఆయనేం చేశాడు? యుద్ధం చేసింది ఆయన కాదుగా?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "1831లో పోలండు గురించి ఏం రాశాడో చదివావా?" అని అడిగాడు. లేదన్నాను. "చదివి రా, అప్పుడు మాట్లాడుకుందాం" అని వెళ్ళిపోయాడు.

నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది. ఆయన ఊరిమీద బాంబులు పడుతున్నాయి. నేనేమో నాలుగు పేజీలు చదివి, ఎదుటివాడి పుండుమీద సాహిత్యోపన్యాసం మొదలెట్టాను. ఆ తర్వాత నాలుగు నెలలపాటు పుష్కిన్ జీవితం, రచనలు, చచ్చిపోయాక ఆయన పేరుతో జరిగినవి, అన్నీ వరసగా చదివాను. నాకు తేలిందేమిటో చెప్పడానికే ఇదంతా.

ముందసలు నాకు పుష్కిన్ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. రెండు దారుల్లో పట్టింది.

ఒకటి, నాన్న ట్రంకుపెట్టె. మాది కృష్ణాజిల్లా. నాన్న స్కూలు మాస్టారు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల షాపులో కొన్న మాస్కో పుస్తకాలు ఆ పెట్టెనిండా ఉండేవి. గట్టి అట్ట, తెల్లటి కాగితం, అందమైన బొమ్మలు, ధర చూస్తే ఇడ్లీ ప్లేటు ఖరీదు. ఉప్పల లక్ష్మణరావు గారిలాంటి వాళ్ళు మాస్కోలో కూర్చుని తెలుగులోకి అనువదించేవారు. ముసలి జాలరి, బంగారు చేప కథ నాన్న రాత్రిళ్ళు అన్నం తినిపిస్తూ చెప్పేవాడు. జాలరి పెళ్ళాం ఒకదాని తర్వాత ఒకటి కోరికలు కోరి, చివరికి పగిలిన తొట్టి దగ్గర మిగిలిపోతుంది. పుష్కిన్ దాన్ని 1833లో రాశాడని నాకు మొన్నమొన్నటిదాకా తెలీదు. అది మా నాన్న కథే అనుకున్నాను.

రెండోది నా చదువు. మాస్టర్స్‌లో మార్కోవ్ చైన్ల మీద ఒక సెమిస్టరంతా కుస్తీ పట్టాను. ఇప్పుడున్న స్థితిని బట్టి తర్వాతి స్థితికి సంభావ్యత ఎంత అని లెక్కగట్టే పద్ధతి అన్నమాట. పరీక్షలు రాశాను, ప్రోగ్రాములు రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. అయితే ఆ మార్కోవ్ మహాశయుడు దాన్ని మొట్టమొదట దేనిమీద ప్రయోగించాడో ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. 1913లో ఆయన 'అనేగిన్' మొదట్నుంచి 20,000 అక్షరాలు తీసుకుని, చేత్తో, కాగితం మీద లెక్కపెట్టాడు. అచ్చులు 8,638, హల్లులు 11,362. అచ్చు తర్వాత మళ్ళీ అచ్చు వచ్చేది నూటికి సుమారు 13 సార్లు, హల్లు తర్వాత అచ్చు వచ్చేది సుమారు 66 సార్లు. అంటే ఒక అక్షరం దాని ముందున్న అక్షరం మీద ఆధారపడుతుందని అంకెల్లో చూపించాడు. ఇవాళ మనం ఆశ్చర్యపోతున్న, భయపడుతున్న ఈ భాషాయంత్రాల తాతముత్తాతల్లో ఆ లెక్క ఒకటి. నా జీతంలో కొంత వాటా పుష్కిన్‌కి ఇవ్వాలేమో :)

సరే, ఇక మనిషి దగ్గరికొద్దాం.

అలెగ్జాండర్ పుష్కిన్ 1799లో మాస్కోలో పుట్టాడు. పాతకాలపు ప్రభువుల కుటుంబం. తల్లి తరఫు ముత్తాత అబ్రామ్ గన్నిబాల్ ఆఫ్రికావాడు. చిన్నపిల్లాడిగా ఉండగా ఎత్తుకొస్తే ఇస్తాంబుల్ మీదుగా రష్యా చేరి, పీటర్ చక్రవర్తి కొలువులో పెరిగి పెద్ద సైనికాధికారి అయ్యాడు. పుష్కిన్ ఇంట్లో ఫ్రెంచి రాజ్యమేలేది. బళ్ళో స్నేహితులు అతన్ని 'ఫ్రెంచివాడు' అనే పిలిచేవారు. అసలైన రష్యన్, పల్లెటూరి కథలు, పాటలు, నానుడులు ఆయనకి ఆయా దగ్గర్నుంచి వచ్చాయి. ఆమె పేరు అరీనా రొదియోనొవ్నా, దాసి. కాన్వెంటు ఇంగ్లీషు మధ్య పెరిగే మన పిల్లలకి నాయనమ్మ తెలుగు దొరికినట్టన్నమాట.

ఇరవయ్యేళ్ళకే స్వేచ్ఛ గురించి రాసిన పద్యాలు చేతిరాత ప్రతుల్లో తిరిగాయి. 1820లో రాజధాని నుంచి దక్షిణానికి పంపేశారు. నాలుగేళ్ళు అక్కడ, రెండేళ్ళు కుటుంబ ఎస్టేటులో నిర్బంధం. 1825 డిసెంబరులో ఆయన స్నేహితులు కొందరు చక్రవర్తి మీద తిరుగుబాటు చేశారు. అయిదుగుర్ని ఉరితీశారు, చాలామందిని సైబీరియా పంపారు. 1826లో నికొలస్ చక్రవర్తి పుష్కిన్‌ని పిలిపించి, ఇకనుంచి నీ రాతలు నేనే స్వయంగా చూస్తానన్నాడు. వరమో శాపమో ఊహించుకోండి. 1837లో భార్య పరువు గొడవలో ఒక ఫ్రెంచివాడితో తుపాకుల ద్వంద్వయుద్ధం చేసి, రెండ్రోజులు నరకయాతన పడి చచ్చిపోయాడు. వయసు 37.

ఇంతవరకూ చదివితే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. మన దగ్గర కవుల జీవితచరిత్రలు కూడా ఇక్కడే ఆగిపోతాయి. పుట్టుక, కష్టాలు, కీర్తి, మరణం, సభాముఖంగా నివాళి. నేనూ ఇక్కడే ఆగిపోయేవాణ్ణి, ఆ పెద్దాయన ఆ ప్రశ్న వెయ్యకపోతే.

ఆగకుండా చదివితే ఇంకో కథ కనబడింది. 1830లో బోల్దినో అనే ఊళ్ళో కలరా దిగ్బంధంలో ఇరుక్కుపోయి మూణ్ణెల్లలో పుష్కిన్ చేసిన రచన ప్రపంచసాహిత్యంలోనే ఒక వింత. కథలు, నాటికలు, 'అనేగిన్' చివరి అధ్యాయాలు, అన్నీ అప్పుడే. ఇంతకీ ఆ ఊరికి ఎందుకెళ్ళాడయ్యా అంటే, పెళ్ళిఖర్చుల కోసం తండ్రి ఇచ్చిన ఆస్తిని స్వాధీనం చేసుకోడానికి. ఆస్తి అంటే పొలం ఒక్కటే కాదు, 200 మంది దాసులు కూడా. వాళ్ళని తాకట్టు పెట్టి ఆ డబ్బుతో 1831లో పెళ్ళి చేసుకున్నాడు. స్వేచ్ఛమీద గీతం రాసినవాడే!

1830 చివర్లో పోలండు ప్రజలు రష్యా పెత్తనం మీద తిరగబడ్డారు. వాళ్ళకి మద్దతుగా మాట్లాడుతున్న యూరపు వాళ్ళని ఉద్దేశించి పుష్కిన్ ఒక పద్యం రాశాడు. సారాంశం, ఇది స్లావుల ఇంటిగొడవ, మధ్యలో మీరెవరు అని. తిరుగుబాటుని అణిచి వార్సా పట్టుకున్నాక, విజయోత్సాహంతో ఇంకోటి రాశాడు. ఈసారి చక్రవర్తి బలవంతం ఏమీ లేదు. ఆయన మనస్ఫూర్తిగానే రాశాడు. అది చదువుతుంటే నాకు మా పెద్దాయన మొహం గుర్తొచ్చింది. 'ఇంటిగొడవ' అనే మాటని తన జీవితకాలంలో ఎన్నిసార్లు విని ఉంటాడో!

మరి ఇంత తెలిశాక పుస్తకం మూసెయ్యాలా? నేను మూసెయ్యలేదు. ఎందుకంటే అప్పటికి 'అనేగిన్' నన్ను పట్టేసుకుంది.

కథ చెప్పుకుంటే మూడు ముక్కలు. బోరుకొట్టిన పట్నం కుర్రాడు పల్లెటూరి అమ్మాయి ప్రేమని కాదంటాడు, ఊరికే ఒక స్నేహితుణ్ణి ద్వంద్వయుద్ధంలో చంపేస్తాడు, ఏళ్ళు గడిచాక ఆ అమ్మాయినే ప్రేమిస్తే ఆమె కాదంటుంది. అంతే. కానీ దాన్ని పద్నాలుగు పాదాల పద్యాల్లో, ఒకే రకం ప్రాసల అల్లికతో, మీతో నాతో కబుర్లాడినట్టు చెప్పుకుపోతాడు. మధ్యలో భోజనాల గురించి, చలికాలం గురించి, తనమీద తనే వేసుకునే జోకులు. వాడుకమాటల్లో ఇంత గొప్ప కవిత్వం సాధ్యమేనని తన భాషవాళ్ళకి చూపించాడు. మన గురజాడ ముత్యాలసరాల్లో, 'కన్యాశుల్కం'లో చేసిన పని గుర్తొస్తే అది మీ తప్పు కాదు. విక్రమ్ సేథ్ స్టాన్‌ఫర్డ్‌లో ఎకనామిక్స్ చదువుతూ 'అనేగిన్' అనువాదం చదివి, అదే పద్యరూపంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనుషుల మీద ఏకంగా ఒక నవల రాసేశాడు, 1986లో. మంచి పుస్తకం అలా దేశాలు దాటి ఇంకో పుస్తకాన్ని కంటుంది. అందుకు ఏ సైన్యం సాయమూ అక్కర్లేదు.

ఇక మూడోది, పుష్కిన్ పోయాక ఆయన పేరుతో జరిగింది. అసలు గొడవంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

చచ్చిపోయినప్పుడు ప్రభుత్వానికి ఆయనంటే భయం. జనం పోగవుతారని శవాన్ని రాత్రిపూట, పోలీసు కాపలాతో, రాజధానికి దూరంగా ఒక మఠానికి పంపి పాతిపెట్టించింది. ఆయన మరణం మీద పద్యం రాసినందుకు లేర్మొంతొవ్‌ని కాకసస్ పంపేసింది. 1880కల్లా మాస్కో నడిబొడ్డున విగ్రహం లేచింది. ఆ సందర్భంలో దొస్తొయేవ్‌స్కీ చేసిన ప్రసంగంలో పుష్కిన్ రష్యన్ ఆత్మకే ప్రతినిధి అయిపోయాడు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం శతవర్ధంతిని దేశమంతా మహోత్సవంగా జరిపింది. అదే ఏడాది అదే దేశంలో లక్షలాది మందిని అరెస్టు చేసి కాల్చేస్తున్నారు, కవుల్ని కూడా. 2022లో రష్యా సైన్యం ఖెర్సన్ పట్టణాన్ని ఆక్రమించినప్పుడు, ఈ ఊరు రష్యాదే అని చెప్పే హోర్డింగుల మీద మళ్ళీ పుష్కిన్ బొమ్మే వేసింది.

చూశారా? బతికుండగా ఊరొదిలి వెళ్ళాలంటే అనుమతి అడుక్కున్న మనిషి, పోయాక సైన్యం వెనకాలే ఊరేగుతున్నాడు. ఖార్కివ్‌వాళ్ళు దించింది ఆ ఊరేగింపు బొమ్మని. నేను చదువుతున్నది బోల్దినోలో రాసిన పద్యాల్ని. రెండింటికీ పేరొకటే కావడం వల్ల నేను ఆరోజు తప్పు మాట్లాడాను.

ఇది మనకి తెలియని విషయం ఏమీ కాదు. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం ముప్ఫైకి పైగా విగ్రహాలు పెట్టించింది, అందులో కవులు బోలెడుమంది. 2011 మార్చి 10న తెలంగాణ మిలియన్ మార్చ్ రోజు వాటిలో డజనుకు పైగా విరగ్గొట్టారు. శ్రీశ్రీ, జాషువా విగ్రహాలు కూడా. అప్పుడు నేను హైదరాబాదులో బీటెక్ చదువుతున్నాను. హాస్టల్ టీవీలో అది చూసి ఊగిపోయాను. "కవులేం చేశార్రా?" అని అరిచాను. గమనించారా, అవే మాటలు! మా రూమ్మేట్‌ది కరీంనగర్. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ వరసల మావోళ్ళు ఎందరున్నరో ఎప్పుడన్న లెక్కవెట్టినవారా?" అన్నాడు. లెక్కపెట్టలేదు. నాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు.

విరగ్గొట్టడం సరైన పనని నేను ఇప్పటికీ అనను. అంటరానితనం అనుభవించి 'గబ్బిలం' రాసిన జాషువా ఎవరి పెత్తనానికీ గుర్తు కాడు. ట్యాంక్‌బండ్‌కీ ఖార్కివ్‌కీ పోలిక కూడా కొంతవరకే. అక్కడ ఒక దేశం ఇంకో దేశం మీద సైన్యంతో వచ్చి పడింది. కానీ ఒక్క విషయం మాత్రం రెండుచోట్లా ఒకటే. విగ్రహం కవిది కాదు, పెట్టించినవాడిది. ఎవర్ని పెట్టాలో, ఎవర్ని వదిలెయ్యాలో, ఏ రోడ్డు మీద పెట్టాలో నిర్ణయించేది అధికారం. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి హాస్టల్లో శ్రీశ్రీ కోసం గుండెలు బాదుకున్న మా పదిమందిలో 'మహాప్రస్థానం' పూర్తిగా చదివినవాడు ఒక్కడే. వాడు నా కరీంనగర్ రూమ్మేటు.

నేనుంటున్న ఊరి పేరే చూడండి, బ్లాక్‌టౌన్. ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి 'నాగరికులు'గా మార్చడానికి గవర్నర్ మక్వారీ పారామట్టాలో పెట్టిన బడిని 1823లో ఇక్కడికి మార్చారు. నల్లవాళ్ళుండే చోటు కాబట్టి ఆ పేరు. 1823 అంటే పుష్కిన్ 'అనేగిన్' మొదలెట్టిన ఏడాది. బడి 1829లో మూతపడింది, పేరు మిగిలింది. బడి ఉన్న స్థలాన్ని 2018లో దారుగ్ ప్రజలకి తిరిగి ఇచ్చారు. ఆ పేరు ఉంచాలా మార్చాలా అని ఇక్కడ అప్పుడప్పుడూ చర్చ లేస్తుంటుంది. ఇల్లు కొనుక్కుని వచ్చిన నాకు అది స్టేషన్ బోర్డు మీద పేరు. ఇంకొకరికి అది ఎత్తుకుపోయిన పిల్లల పేరు. ఎవరిమాట ముందు వినాలంటే, దెబ్బ తగిలినవాళ్ళది. ఇందులో పెద్ద తర్కం ఏమీ లేదు, కనీస మర్యాద.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. విగ్రహం ఉండాలా వద్దా అనేది ఆ వీధిలో ఉండేవాళ్ళు తేల్చుకోవాలి. ఎక్కడో సిడ్నీలో కూర్చుని "అయ్యో కళ, అయ్యో సాహిత్యం" అనే హక్కు నాకు లేదు. పుస్తకం చదవాలా వద్దా అనేది నేను తేల్చుకోవాలి, నేను చదువుతాను. కానీ చదివితే మొత్తం చదవాలి. తాకట్టుపెట్టిన 200 మందినీ, 1831 పద్యాల్నీ వదిలేసి, ద్వంద్వయుద్ధం దగ్గర కళ్ళు తుడుచుకోవడం చదవడం కాదు, దండ వెయ్యడం.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, నేనే చెప్పేస్తాను. కవినీ, రాజ్యం చేసిన బొమ్మనీ ఇంత శుభ్రంగా విడదియ్యగలమా? వార్సా పద్యాలు రాసింది రాజ్యం కాదుగా, ఆయనేగా? నిజమే. పూర్తిగా విడదియ్యలేం. ఆ ఊరేగింపుకి కొంత సామాను ఆయనే అందించాడు. అందుకే ఇష్టంతోపాటు ఇబ్బంది కూడా పడుతూ చదవాలంటున్నాను. ఇబ్బంది లేకుండా చదవాలనుకునే వాళ్ళకి కవుల జీవితచరిత్రలు పనికిరావు, క్యాలెండర్లు చాలు.

ఇంకొకటి, ఇది మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. ఆ ట్రంకుపెట్టెలో పుస్తకాలన్నిటినీ మేం 'రష్యా పుస్తకాలు' అనేవాళ్ళం. గోగొల్ పుట్టింది ఉక్రెయిన్‌లో, ఐత్‌మాతొవ్‌ది కిర్గిజ్‌స్తాన్. మాకు అందరూ రష్యావాళ్ళే. అంత చవగ్గా, అంత అందంగా ఆ పుస్తకాలు మా ఇంటిదాకా రావడానికి డబ్బు పెట్టింది ఒక రాజ్యం. ఆ పుస్తకాల మీద నాన్నకున్న ప్రేమ నూటికి నూరుపాళ్ళూ నిజం, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ ప్రేమతోపాటు ఒక మ్యాపు కూడా మా బుర్రల్లోకి వచ్చేసింది. అందులో ఉక్రెయిన్ అనే చోటు లేదు. ఆరోజు ఆఫీసులో నా నోటినుంచి వచ్చిన మాట ఆ మ్యాపులోంచి వచ్చిందే.

నాలుగు నెలలయ్యాక పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "చదివాను. నువ్వన్నది నిజమే. అయినా 'అనేగిన్' వదల్లేను" అన్నాను. ఆయన నవ్వాడు. "నాకు మొదటి అధ్యాయం ఇప్పటికీ నోటికొచ్చు. మా అమ్మమ్మ నేర్పింది. అదే నా బాధ" అన్నాడు. మర్నాడు నా బల్లమీద షెవ్‌చెంకో కవితల అనువాదం పెట్టి వెళ్ళాడు.

తరాస్ షెవ్‌చెంకో 1814లో ఉక్రెయిన్‌లో దాసుడిగా పుట్టాడు. 1838లో కొందరు పెద్దలు 2,500 రూబుళ్ళు కట్టి విడిపించారు. ఆ డబ్బు ఎలా వచ్చిందంటే, కవి జుకోవ్‌స్కీ బొమ్మ ఒకటి గీయించి దాన్ని లాటరీ వేసి. జుకోవ్‌స్కీ పుష్కిన్‌కి ప్రాణస్నేహితుడు, చనిపోయేటప్పుడు పక్కనే ఉన్నవాడు, వార్సా పద్యాల పుస్తకంలో పుష్కిన్‌తోపాటు తన పద్యం కూడా వేసుకున్నవాడు! తర్వాత 1847లో అదే నికొలస్ చక్రవర్తి షెవ్‌చెంకోని సిపాయిగా ప్రవాసానికి పంపుతూ, రాయకూడదు, బొమ్మలు గియ్యకూడదు అని స్వయంగా చేత్తో రాసి మరీ ఆజ్ఞ ఇచ్చాడు. ఒకే చక్రవర్తి ఒక కవిని పక్కన కూర్చోబెట్టుకుని దిద్దాడు, ఇంకో కవి చేతిలో కలమే లాగేసుకున్నాడు.

ఇప్పుడు రైల్లో వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి చదువుతున్నాను. పుష్కిన్ పుస్తకం మాత్రం ఆఫీసులో బ్యాగులోనే ఉంచుతున్నాను. భయంతో కాదు. పక్కసీట్లో మనిషి అక్క ఇంకా ఖార్కివ్‌లోనే ఉందని గుర్తుండి.

మీరైతే ఏం చేసేవారు?